ఆయన గోళీలు మింగకుంటే ఆమెకు తగ్గదు: వలస పోయే ఇండ్లల్ల ఆలుమగలు రోగాలు అంటకుండ ఎట్ల చూసుకోవాలె

మా దిక్కు నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు ఊర్లల్ల బొంబాయికో పూణెకో పోయి పనిచేసేటోళ్ళు లేని వాడ ఉండదు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తడు, మూటాముల్లె కట్టుకొని బస్సెక్కుతరు, మల్ల దసరాకో ఉగాదికో పీర్ల పండుగకో ఇల్లు చేరుతరు. నేను ఈ ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి హెచ్‌ఐవి, సుఖరోగాల మీద చెప్పే పని చాలా ఏండ్లు చేసిన. ఒకామె కత చెప్పి మొదలుపెడ్త, పేరు ఊరు చెప్పను. ఇరవై ఎనిమిదేండ్లుంటయి, ఇద్దరు పిల్లలు, ఎన్నడో పిల్లలు కాకుండ ఆపరేషన్ అయిపోయింది. తెల్లబట్ట, నడుం నొప్పి, కింద మంట. గోళీలు వాడుతది, తగ్గుతది, పండుగకు ఆయన వచ్చి పోయినంక మల్ల మొదలు. మూడుసార్లు ఇట్లనే అయినంక ఒక ప్రైవేట్ దవాఖానల గర్భసంచి తీసేయాలె అన్నరట, పైసలు అప్పుకు చూసుకుంటున్నరు. నేను అడిగింది ఒక్కటే మాట, మరి ఆయన గోళీలు వేసుకున్నడా అని. ఆమె నన్ను వింతగ చూసింది, ఆయనకేమైందక్కా, ఆయన మంచిగనే ఉన్నడు కదా అన్నది.

ఇదంత రాసుడు ఆ మాట కోసమే. మంచిగ ఉన్నట్టు కనిపించుడు వేరు, రోగం లేకపోవుడు వేరు. ఆలుమగల నడుమ తిరిగే ఇన్‌ఫెక్షన్ ఇద్దరిదీ, ఒక్కరికే మందిస్తే అది రెండో మనిషి దగ్గర కూసొని మల్ల వాపస్ వస్తది.

ముందుగల ఏది ఏందో తెలుసుకోవాలె, లేకుంటే ఇంట్ల ఉట్టి పుణ్యానికి పంచాయితీ అయితది. తెల్లబట్ట అయిన ప్రతి ఆడమనిషికీ మొగనితోని రోగం వచ్చినట్టు కాదు. నెలసరి నడుమ నీళ్ళలెక్క, వాసన లేకుండ కొంచెం తెలుపు అవుడు ఒంటి తీరే, దానికి మందు అక్కర్లేదు. విరిగిన పెరుగులెక్క తెల్లగ గడ్డలు, బాగ దురద ఉంటే అది ఎక్కువ శాతం ఫంగస్, షుగర్ ఉన్నోళ్ళకు, కడుపుతోని ఉన్నోళ్ళకు, యాంటీబయాటిక్ గోళీలు ఎక్కువ మింగినోళ్ళకు వస్తది, దాంట్ల ఎవరి తప్పూ లేదు. పాడైన చేపల వాసనతోని పల్చగ వస్తే అది లోపల ఉండే మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి వచ్చేది, సబ్బుతోని ఘాటు మందు నీళ్ళతోని లోపలిదాంక కడుక్కుంటే ఇంకా ఎక్కువైతది, పైపైన మామూలు నీళ్ళతోని కడుక్కుంటే చాలు. పచ్చగ, పసుపుపచ్చగ, నురుగుతోని వస్తుందా, పొత్తికడుపు గుంజుతుందా, కలిసినప్పుడు నొప్పా, కింద పుండో పొక్కో ఉందా, అప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, అది ఒకరి నుంచి ఒకరికి పోయేది కావచ్చు. అయినా నేను రాసిన గుర్తులు పట్టుకొని మెడికల్ షాపుల గోళీలు కొనుక్కోకుండ్రి, చూపించుకుంటేనే తెలుస్తది.

మగోళ్ళ సంగతి ఇంకో తీరు. మూత్రం మంట పెడితే మా దిక్కు వేడి చేసింది అంటరు, మజ్జిగ తాగుతరు, ఈతకల్లు తాగితే సల్లబడ్తది అంటరు, నాలుగు రోజులకు మంట తగ్గుతది, ఇగ అయిపోయింది అనుకుంటరు. గనేరియా, క్లమీడియా అసొంటివి బయటికి తెలియకుండనే ఉండొచ్చు, ఆడోళ్ళల్ల అయితే మరీ. సిఫిలిస్ ఇంకా మోసం చేస్తది, మొదట ఒక పుండు అయితది, నొప్పి ఉండదు, కొన్ని వారాలల్ల మందు లేకుండనే మానుతది. మానింది పుండే, రోగం కాదు, అది రక్తంల ఉండి ఏండ్ల తర్వాత గుండెకో మెదడుకో పోవచ్చు, కడుపుల బిడ్డకూ పోవచ్చు. ముందుగల దొరికితే దానికి పెన్సిలిన్ సూది చాలు. ఇంకోటి, పుండు ఉన్న జాగల నుంచి హెచ్‌ఐవి కూడ సులభంగ ఎక్కుతది, కాబట్టి చిన్న పుండే కదా అని ఊకోవద్దు.

గర్భసంచి సంగతి కూడ ఇక్కడనే చెప్తా, ఎందుకంటే దీని మీద నాకు కడుపుమంట ఉన్నది. తెల్లబట్టకు గర్భసంచి తీసేసుడు మందు కాదు. ఇన్‌ఫెక్షన్ ఎక్కువసార్లు కింద తోవల, గర్భసంచి ముఖద్వారంల ఉంటది, సంచి తీసినా ఆయనతోని కలిస్తే మల్ల అంటుకుంటది, హెచ్‌ఐవి రాకుండ కూడ అది ఆపదు. చిన్న వయసుల తీసేస్తే, అందుల అండాశయాలు కూడ తీసేస్తే, ఎముకలు తొందరగ గుల్లబారుతయి, గుండె మీద కూడ పడ్తది. క్యాన్సర్ అయితది అని భయపెడితే, 30 ఏండ్లు దాటిన ఆడోళ్ళకు సర్కారు దవాఖానల గర్భసంచి ముఖద్వారం చూసే పరీక్ష ఉంటది, అది చేయించుకొని, ఇంకో డాక్టర్‌ను కూడ అడిగినంకనే కత్తి దగ్గరికి పోవాలె. నిజంగ తీసేయవలసిన రోగాలు ఉన్నయి, కాదనను, తెల్లబట్ట ఒక్కటే అయితే మాత్రం అది కాదు.

మాట ఎట్ల ఎత్తాలె

అన్నిటికంటే కష్టమైంది ఇదే. రోగాలెట్ల వస్తయో అడిగితే మా ఊర్ల పదో తరగతి పోరగాడు కూడ చెప్తడు, ఇంట్ల పెండ్లాంతోని, మొగనితోని ఆ మాట అనాలంటే నోరు రాదు. ఆమె టెస్ట్ అంటే నా మీద అనుమానమా అని ఆయన లేస్తడు. ఆయన కండోమ్ తెస్తే ఎవత్తెతోని తిరుగుతున్నవ్ అని ఆమె ఏడుస్తది. పైగ మా దిక్కు చానామందికి పాతికేండ్లు రాకముందే పిల్లల ఆపరేషన్ అయిపోతది, ఇగ పిల్లలు కాకుండ అని సాకు చెప్పి కండోమ్ వాడుకునే దారి కూడ ఉండదు. ఆపరేషన్ పిల్లల్ని ఆపుతది, రోగాన్ని ఆపదు. ఈ ఒక్క ముక్క ఊరి మీటింగుల్ల చెప్పినప్పుడల్లా వెనుక కూసున్నోళ్ళు తల ఎత్తి చూస్తుండిరి.

మాట ఎత్తే టైం చూసుకోవాలె. ఆయన బస్సు దిగిన రాత్రి కాదు, తాగి ఉన్నప్పుడు అస్సలే కాదు, అత్త ముంగట కాదు. చేను కాడికి పోయినప్పుడో, బండి మీద సంతకు పోయినప్పుడో, ఇద్దరే ఉన్న జాగ చూసుకోండ్రి. నువ్వేం చేసి వచ్చినవ్ అని అడిగితే ఆడనే తలుపు మూసుకుంటది. దాని బదులు, "ఏమయ్యా, నువ్వు ఏం చేసినవ్ అని నేను అడుగుతలేను, నాకు తెల్లబట్ట తగ్గుతలేదు, డాక్టరమ్మ ఇద్దర్నీ రమ్మన్నది, ఇద్దరం గోళీలు వేసుకుంటేనే తగ్గుతదట" అనుండ్రి. ఇది అబద్ధం కాదు, ఒకరి నుంచి ఒకరికి పోయే రోగమైతే ఏ డాక్టరమ్మైనా ఇదే చెప్తది. టెస్ట్ కోసమైతే, "పిల్లలు చిన్నగున్నరు, మనిద్దరికి ఏమన్న అయితే వీళ్ళకు దిక్కెవరు, షుగర్ చూపించుకున్నట్టే ఇది కూడ ఒక్కసారి చూపించుకుందం" అంటే చానామంది మెత్తబడ్తరు. పిల్లల పేరు మీద అడిగితే కాదనే తండ్రులు తక్కువ, నేను చూసిన మటుకు.

మగోళ్ళకు చెప్పేది వేరే ఉన్నది. పనిచేసే సైటు మీద తప్పు జరిగిందే అనుకో, ఇంట్ల చెప్పాలా వద్దా అని నన్ను శానామంది అడిగిండ్రు. నేను ఒకటే అంటా తమ్మీ, చెప్పుడు చెప్పకపోవుడు నీ ఇష్టం, ఆమెకు అంటకుండ ఆపుడు మాత్రం నీ ఇష్టం కాదు, నీ బాధ్యత. వచ్చిన దినమే దవాఖానకు పో, రిపోర్ట్ వచ్చేదాంక దూరం ఉండు, ఉండలేనంటే ప్రతిసారీ కండోమ్ వాడు. "క్యాంపుల డాక్టర్ వచ్చిండు, మూత్రంల ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు అన్నడు, జర జాగ్రత్తగ ఉందం" అని ఏదో ఒకటి చెప్పుకో, నీ మాటల కంటే ఆమె ఆరోగ్యం పెద్దది. రేపు మాపు నిజం బయటపడినా, కనీసం నాకు అంటియ్యలే అనే మాట అయితే మిగుల్తది.

ఆడోళ్ళు కూడ వలస పోతరు, ఒంటరిగ ఇంట్ల ఉన్నోళ్ళు కూడ మనుషులే, కాబట్టి పైన చెప్పిన మాట ఇద్దరికీ వర్తిస్తది. వద్దు అన్న భార్యను కొట్టి బలవంతం చేసే ఇండ్లల్ల మాత్రం నేను పైన చెప్పిన మెత్త మాటలు పనిచెయ్యవు, అసొంటి తాన మీ పానం ముందు, 181 కు ఫోన్ చెయ్యుండ్రి, అది ఆడోళ్ళ కోసం పెట్టిన నంబర్, లేకుంటే మీ ఊరి ఆశ అక్కకో అంగన్‌వాడీ టీచర్‌కో చెప్పుండ్రి.

సైటు మీద, రోడ్డు మీద

తప్పు ఒంటరిగ ఉన్నప్పుడు అయ్యేది తక్కువ, గుంపుల అయ్యేది ఎక్కువ. శనివారం కూలి పైసలు పంచుతరు, సాయంత్రం క్వార్టర్ తెస్తరు, ఒకడు పోదాం పా అంటడు, రానంటే మొగోనివేనా అంటడు. నల్లగొండ దిక్కు లారీ డ్రైవర్లు కూడ ఇదే చెప్తరు, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ రోడ్డు మీద రాత్రి దాబాల కాడ బండ్లు ఆగితయి, తోటి డ్రైవర్ తీస్కపోతడు, క్లీనర్ పోరడు వెనుక పోతడు. అప్పుడు తర్కాలు, నీతులు గుర్తుకు రావు, ముందే నోటికి వచ్చి ఉండే ఒక్క మాట కావాలె. "నేను రానురా, పొద్దుగాల లెంటల్ పని ఉంది", "ఇంటికి ఫోన్ చెయ్యాలె", "కడుపుల మంచిగ లేదు", ఏదైనా సరే చిన్నగ చెప్పి అక్కడి నుంచి లేవాలె, కూసొని వాదిస్తే ఓడిపోతరు. పైసలు చేతికి వచ్చిన రోజే సగం ఇంటికి ఫోన్‌పే కొట్టేసినోళ్ళు తాగుడు కూడ తగ్గించుకున్నరు, ఇది నేను కండ్లార చూసిన. మందు తాగినంక కండోమ్ గుర్తుండదు, గుర్తున్నా సరిగ తొడుగుడు చాత కాదు. అందుకే తాగుడు గురించి మాట్లాడకుండ ఈ రోగాల గురించి చెప్పేటోళ్ళు సగమే చెప్తున్నరని నేననుకుంటా.

రక్తం తోవ కూడ మర్సిపోవద్దు. ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే ప్యాకెట్ మీ ముంగటనే చింపాలె, అన్నా కొత్తది చింపు అని అడుగుడు తప్పు కాదు. మంగలి షాపుల కొత్త బ్లేడ్ సగం ఇరిసి పెట్టమనాలె. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పోతరు, చెరువుగట్టుకు పోతరు, జాతర్లల్ల ఒకే సూదితోని పదిమందికి పచ్చబొట్టు పొడుస్తరు, మనసైనోళ్ళ పేరు చేతి మీద లేకున్నా ప్రేమ ఉంటది, వద్దు. హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ హెచ్‌ఐవి కంటే సులభంగ అంటుతది, రక్తంతోని, కలయికతోని, రెండు తోవల్ల. దానికి టీకా ఉన్నది, పెద్దోళ్ళకు మూడు డోసులు, మొదటిది వేసినంక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఇంట్ల ఒకరికి ఉందని తేలితే రెండో మనిషి టెస్ట్ చేయించుకొని, లేకుంటే టీకా వేయించుకోవాలె.

కండోమ్ వాడే తీరు

సిగ్గుపడి ఎవరూ చెప్పరు, అందుకే అది చినిగిందక్కా అని వస్తరు. డేట్ చూడాలె, పర్సుల వెనుక జేబుల నెలల తరబడి పెట్టుకుంటే వేడికి పాడైతది, ట్రక్కు డ్యాష్‌బోర్డ్ మీద పెడితే ఇంకా తొందరగ. పండ్లతోని చింపొద్దు, చేతితోని అంచు కాడ చింపాలె. కొసను రెండు వేళ్ళతోని నొక్కి గాలి తీసి, ముందుగల్లనే, అంటే తాకే కంటే ముందే, మొదలు దాంక తొడగాలె. కొబ్బరి నూనె, మంచి నూనె, వ్యాజ్‌లిన్ రాయొద్దు, నూనె తగిలితే రబ్బరు బలం తగ్గి చినుగుతది, నీళ్ళలెక్క ఉండే జెల్ అయితే పర్వాలేదు. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంటే గట్టి అయితది అనుకుంటరు, రుద్దుకొని రెండూ చినుగుతయి. అయిపోయినంక మొదలు కాడ పట్టుకొని బయటికి తీసి, ముడేసి, కాగితంల చుట్టి చెత్తల వెయ్యాలె. ప్రతిసారి కొత్తది. సర్కారు దవాఖానల నిరోధ్ కండోమ్‌లు ఉచితంగ ఇస్తరు, ఆశ అక్క దగ్గర కూడ ఉంటయి, అడగనీకి మొహమాటం అయితే ఇద్దరు ముగ్గురు ఆడోళ్ళు కలిసి పోయి అడుగుండ్రి.

టెస్ట్ ఎక్కడ, ఎప్పుడు

పెద్ద సర్కారు దవాఖానల్ల ఐసిటిసి అనే గది ఉంటది, హెచ్‌ఐవి టెస్ట్ ఉచితం, ముందు కౌన్సిలర్ మాట్లాడుతది, తర్వాత రక్తం తీస్తరు, ఎక్కువసార్లు అదే రోజు చెప్తరు. పాజిటివ్ అని చెప్పాలంటే మూడు రకాల కిట్లతోని చూసినంకనే చెప్తరు, ఒక్కదాంట్ల గీత వచ్చిందని గుండె ఆగిపోవాల్సిన పని లేదు. ఒక సంగతి గట్టిగ పట్టుకోండ్రి, రోగం ఒంట్లకు వచ్చిన కొత్తల టెస్ట్‌ల దొరకకపోవచ్చు, అందుకే నెగెటివ్ వచ్చినా తప్పు జరిగిన దినం నుంచి మూడు నెలలకు ఇంకోసారి చూపించుకోవాలె, అప్పటిదాంక కండోమ్. సుఖరోగాలకు సురక్షా క్లినిక్ అని ఉంటది, అక్కడ లక్షణాలను బట్టి రంగురంగుల డబ్బాలల్ల మందుల కిట్ ఇస్తరు, భర్తకో భార్యకో ఇంకో కిట్ అడిగి తీసుకోవాలె. ఇద్దరూ మందు వేసుకున్నంక కనీసం వారం రోజులు కలవొద్దు. కొన్ని గోళీలకు కల్లు, సారా తాగుడు పడదు, వాంతులు అయితయి, అది కూడ అడిగి తెలుసుకోండ్రి. మంచిగ అనిపించిందని సగంల ఆపితే రోగం మొండిగ మారుతది.

కండోమ్ చినిగింది, లేదంటే ఎవరన్న బలవంతం చేసిండ్రు, అసొంటప్పుడు 72 గంటల లోపల, ఎంత తొందరగ అయితే అంత మంచిది, పెద్ద దవాఖానకు పోతే హెచ్‌ఐవి ఎక్కకుండ 28 రోజుల మందులు ఇస్తరు. ఈ సంగతి మన దిక్కు ఎక్కువ మందికి తెలియదు.

కడుపుతోని ఉన్నామెకు మొదటి నెలల్లనే హెచ్‌ఐవి, సిఫిలిస్ టెస్ట్ చేస్తరు. ఆయనకు ఎక్కువసార్లు చెయ్యరు, ఆయన బయట బెంచీ మీద కూసుంటడు. ఆమె మూడో నెలల నెగెటివ్, ఆయన పండుగకు వచ్చి పోయిండు, తర్వాత అంటుకుంటే ఎవరు చూసిండ్రు? అందుకే ఆ రోజే ఆయన రక్తం కూడ ఇచ్చి రావాలె, ఆయన ఎనిమిదో నెలల మల్ల వస్తే ఇద్దరూ మల్ల చూపించుకోవాలె. తల్లికి ఉండి మందులు లేకుంటే బిడ్డకు అంటుకునే అవకాశం నూటికి 15 నుంచి 45 దాంక ఉంటది, తల్లి మందులు సక్కగ వాడి, బిడ్డకు పుట్టంగనే మందు పోస్తే 5 కంటే తగ్గుతది.

పాజిటివ్ వస్తే

వచ్చిన ఇంట్ల నేను కూసొని ఉన్న, ఆ నిశ్శబ్దం నాకు ఎరుకే. ముందు చెప్పేది, 2017 నుంచి మన దేశంల పాజిటివ్ అని తేలినోళ్ళకు, ఎంత బలంగ ఉన్నా సరే, వెంటనే మందులు మొదలుపెడ్తున్నరు, హెచ్‌ఐవి మందులిచ్చే ఏఆర్‌టి సెంటర్ల ఉచితం. దినాం మానకుండ వాడితే, రక్తంల వైరస్ టెస్ట్‌కు అందనంత తగ్గిపోయి అట్లనే ఉంటే, కలయికతోని భాగస్వామికి అంటదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలు ఏండ్ల తరబడి అట్లనే బతుకుతున్నరు, రోగం లేని పిల్లల్ని కూడ కంటున్నరు. రక్తంల వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ టెస్ట్‌ల ఆ సంగతి తేలేదాంక మాత్రం కండోమ్ తప్పదు. ఒక్క గిన్నెల తినుడు, దోమ కుట్టుడు, బట్టలు కలిపి ఉతుకుడు, వీటితోని రాదు, పిల్లల్ని దూరం పెట్టకుండ్రి. సైటుకు పోయేటోళ్ళు ఏఆర్‌టి సెంటర్ల ముందే చెప్తే ఎక్కువ రోజుల మందులు ఇచ్చుడో, పనికి పోయే ఊరి సెంటర్‌కు రాసిచ్చుడో చేస్తరు. బొంబాయి పోయినమని మందు ఆపినోళ్ళే మల్ల మంచం పట్టిండ్రు.

ఊర్ల తెలుస్తదని భయం. 2017ల హెచ్‌ఐవి చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలుల ఉంది, ఒప్పుకోకుండ టెస్ట్ చెయ్యొద్దు, ఎవరికీ చెప్పొద్దు, పనిల నుంచి తీసెయ్యొద్దు, దవాఖానల మేం చూడం పొమ్మని అనొద్దు అని అందుల ఉన్నది. భార్యకో భర్తకో చెప్పే మాట వేరు, ముందుగల రోగం ఉన్న మనిషితోనే కౌన్సిలర్ మాట్లాడి చెప్పిపిస్తది, చెప్తే కొడ్తరని భయం ఉన్న ఆడమనిషి ఆ సంగతి కౌన్సిలర్‌కు ముందే చెప్పాలె. ఎవరికీ ముఖం చూపియ్యకుండ అడగాలంటే 1097 కు ఫోన్ చెయ్యుండ్రి, అది హెచ్‌ఐవి సంగతులు చెప్పే సర్కారు నంబర్, పైసలు పడవు, రాత్రి కూడ ఎత్తుతరు.

ఆ ఇరవై ఎనిమిదేండ్ల ఆమె గర్భసంచి ఆపరేషన్‌కు పోలే. ఆయన ఉగాదికి వచ్చినప్పుడు నేనే ఇంటికి పోయిన, అరిసిండు, బయటికి పోయిండు, రెండు రోజులైనంక బండి తీసి ఆమెను ఎక్కించుకొని దవాఖానకు పోయిండు. ఇద్దరూ కిట్ తెచ్చుకున్నరు, ఇద్దరికీ హెచ్‌ఐవి లేదు, మూడు నెలలకు మల్ల చూపించుకుంటే అప్పుడూ లేదు. ఇప్పుడు ఆయన పూణె పోయే ముందటి రోజు సంచి సర్దేది ఆమెనే, సద్దిరొట్టెలు, ఆధార్ జిరాక్సు, పారాసిటమాల్ గోళీలు, వాటి కింద కాగితంల చుట్టిన నిరోధ్ ప్యాకెట్లు. ఆ పొట్లం గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరట.